దీపం వెనక ముఖం

పంతొమ్మిదేళ్లుగా నాకొక సందేహం ఉంది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడి పటం ముందు దీపం వెలిగించి, చేతులు జోడించి చూస్తే పటంలో ఆయన ముఖం సన్నగా కదులుతుంది. పెదవుల దగ్గర, కనుబొమల దగ్గర, నీటి అడుగున ఉన్నట్టు ఒక వణుకు. కళ్లు మూసి తెరిచినా అంతే. పెళ్లయిన కొత్తలో మొదటిసారి చూసినప్పుడు ఒళ్లు జలదరించింది. దేవుడు నాతో ఏదో చెప్పబోతున్నాడనుకున్నాను. చెప్పబోయేవాడు ఇన్నేళ్లు చెప్పకుండా ఎందుకుంటాడని తర్వాత అనుమానం వచ్చింది. నాలాంటిదానితో చెప్పడానికేముందిలే అని ఆ తర్వాత సర్దుకున్నాను. సర్దుకోవడం నాకు బాగా వచ్చిన పని.

మా ఆయనతో ఒకసారి అన్నాను. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "దేవుడు వణుకుతున్నాడా, నీకే తల తిరుగుతోందా? ఆ చూపుతోనే కదూ నిన్న కూర మాడ్చావు," అన్నారు. అత్తయ్యతో అంటే, "నాకెప్పుడూ కదల్లేదే అమ్మాయ్! నీ భక్తి గట్టిది కాబోలు," అని నవ్వారు. ఇక ఎవరినీ అడగలేదు.

అసలు మా ఇంట్లో వణుకు అంటే అత్తయ్య చేతులు. అది అందరికీ తెలిసిన సంగతి. మా ఆయనకు ఆఫీసులో పదేళ్లు నిండినప్పుడు ఆరు గాజు గ్లాసుల పెట్టె బహుమతిగా ఇచ్చారు. అంచుకు సన్నని నీలం గీత. వాటిని ఆయన అద్దాల బీరువాలో వరసగా నిలబెట్టి, చుట్టాలొస్తే తప్ప తీయొద్దన్నారు. తొమ్మిదేళ్ల కిందట చుట్టాలు వచ్చి వెళ్లాక, సింకు దగ్గర నా సబ్బు చేతిలోంచి ఒక గ్లాసు జారి పగిలింది. అత్తయ్య పక్కనే నిలబడి కడిగినవి తుడుస్తున్నారు. చప్పుడు విని ఆయన హాల్లోంచే అరిచారు. "అమ్మా! నీ చేతులు వణుకుతాయి, గాజు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలి?" అత్తయ్య నావైపు చూశారు. నేను నేలవైపు చూశాను. చీపురు తెచ్చి పెంకులు ఊడ్చాను. ఎంత శ్రద్ధగా ఊడ్చానంటే, అక్కడ చెప్పాల్సిన మాట ఒక్కటి కూడా మిగల్లేదు.

ఆ వారమే ఆయన మూత ఉన్న ప్లాస్టిక్ కప్పు కొనుక్కొచ్చారు. నడక నేర్చే పిల్లలు తాగే రకం. మూతకు చిన్న ముక్కు. అప్పట్నుంచీ అత్తయ్య టీ అందులోనే. సగం పోసి, చల్లార్చి, మూత బిగించి నేనే చేతికిస్తాను. రోజుకు రెండుసార్లు. ఇచ్చిన ప్రతిసారీ ఆవిడ కళ్లలోకి చూడకుండా ఇవ్వడం కూడా నేర్చుకున్నాను.

నాలుగేళ్ల కిందట నాకు ఉద్యోగం వచ్చింది. కొండ మీద టెలిస్కోపు ఉన్నచోట, పరికరాల గది ఊడవడం, తుడవడం, టీ ఇవ్వడం. ఆయన అక్కడే స్టోర్సులో గుమాస్తా. "పెద్దసారు కాళ్లావేళ్లా పడి తెచ్చాను, నా పరువు తీయకు," అని మొదటిరోజు బస్సెక్కుతుంటే చెప్పారు. ఇంట్లో చేసే పనే అక్కడా చేస్తే దాన్ని ఉద్యోగం అంటారని తెలిసి ఆశ్చర్యపోయాను. సాయంత్రం ఇద్దరం ఒకే బస్సు దిగుతాం. ఆయన అలసిపోయి దిగుతారు. నేను వంటకు దిగుతాను.

ఆ గదిలోకి కిందటేడు అద్దాలమ్మాయి వచ్చింది. ఇంజనీరు. అసలు పేరు తలుపు మీద రాసి ఉన్నా, వైరింగు చూసే అతను పెట్టిన ఈ పేరే అందరికీ అలవాటైంది. ఆమె తెచ్చిన అద్దం నా అరచేతిలో సగం కూడా లేదు. దాని జోలికి మాత్రం గుడ్డ పట్టుకుని రావద్దని నవ్వుతూ దణ్ణం పెట్టింది.

"ఇంత చిన్నదాంట్లో ముఖం ఏం కనిపిస్తుందమ్మా?" అన్నాను.

"ఇది ముఖం చూసుకునే అద్దం కాదక్కా, ముఖం మార్చుకునే అద్దం. నక్షత్రం మిణుకుమిణుకుమంటుంది కదా, నిజానికి అది కదలదు. దానికీ మనకీ మధ్య గాలి ఉందే, వేడిదీ చల్లదీ కలిసి మెసులుతుంటుంది. అందులోంచి వచ్చేసరికి వెలుతురు నలిగిపోతుంది. ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా నలిగిన చుక్కే కనిపిస్తుంది."

"మరి ఇదేం చేస్తుంది?"

"దీని వెనక సన్నసన్నని పుల్లలున్నాయి, వందకు పైగా. వెలుతురు ఎక్కడెక్కడ నలిగిందో ఒక సెన్సారు చూసి చెబుతుంది. దీని కన్ను అనుకో. అది చెప్పగానే పుల్లలు అద్దాన్ని దానికి సరిగ్గా ఎదురుగా వంచుతాయి. సెకనుకు వెయ్యిసార్లు. వంకరగా వచ్చింది వంకర అద్దం మీద పడి తిన్నగా పోతుంది."

"అంటే వెలుతురుకు ఇస్త్రీ."

ఆ పిల్ల పకపకా నవ్వింది. నిచ్చెన మీదున్న వైరింగతను అందుకున్నాడు. "అందుకే ఆడమనిషిని వేశారు. ఇస్త్రీ అన్నాక స్త్రీయే చెయ్యాలిగా!"

"మీ చొక్కా చూస్తే తెలుస్తోంది, మీ ఆవిడ మానేసినట్టుంది," అంది అద్దాలమ్మాయి తలెత్తకుండానే.

నాకు నవ్వు రాలేదు. ఆ అద్దం నాకు బాగా తెలిసినట్టనిపించింది. ఆయన చిరాకుగా వస్తే నేను మెత్తబడతాను. ఆయన మౌనంగా ఉంటే నేను మాట్లాడతాను, మాట్లాడితే ఊరుకుంటాను. బస్సులో మనిషి ముఖం చూసి, ఇంటి తాళం తీసేలోపు నా ముఖం మార్చుకుంటాను. ఫలానావాళ్ల ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉంటుందో అని చూసినవాళ్లు ఆయన్ను మెచ్చుకుంటారు. ఫోటో బాగా వస్తే టెలిస్కోపును మెచ్చుకున్నట్టే.

"ఇలా వంగి వంగి ఎప్పుడో విరగదూ?" అనడిగాను.

"పని అయిపోగానే తిన్నగా చేసి ఆపేస్తాం అక్కా. తిన్నగా ఉండటమే దీనికి విశ్రాంతి."

ఆ మాట ఇంటికి తెచ్చుకున్నాను. తిన్నగా ఉంటే నేను ఎలా ఉంటానో గుర్తు తెచ్చుకోబోతే కుక్కరు కూత పెట్టింది.

అద్దాన్ని టెలిస్కోపుకు బిగించేముందు పగటిపూట బల్ల మీద పరీక్షలు చేసేవారు. ఆకాశం అక్కర్లేదు. ఒక మూల చిన్న దీపాన్ని చుక్కలా వెలిగిస్తారు, దాని ముందు గతుకుల గాజుబిళ్ల ఒకటి గాలికి బదులు తిరుగుతుంది. దొంగచుక్క, దొంగగాలి అనేవాడు వైరింగతను. నిజానికి అవి రెండు చుక్కలు, వెంట్రుకవాసి దూరంలో. నలిగితే ఒకటే ముద్దగా కనిపిస్తాయి. అద్దం సరిగ్గా పనిచేస్తే తెర మీద రెండుగా విడిపోవాలి. చివర్లో వెలుతురును రెండుగా పంచుతారు. ఒక పాయ కన్నుకు, ఒక పాయ కెమెరాకు. "పంచాక కెమెరా పక్కన ఏం జరిగినా కన్నుకు తెలీదక్కా. తెలియనిదాన్ని అద్దం సరిచెయ్యలేదు. అందుకే అటు పక్క మూత తీయనివ్వను," అని ఆ అమ్మాయి ఒకసారి చెప్పింది.

పెద్దసారు వస్తే మాత్రం ఆ మూత తీయాల్సిందే. కళ్లతో చూస్తేగాని నమ్మనంటారు. కెమెరా పక్కనే బల్లకు ఆనుకుని ఆయన కుర్చీ. అద్దాలమ్మాయి గాజుకిటికీ అవతల, పక్క గదిలో కంప్యూటర్ల ముందు ఉంటుంది. ఆయనకు మోకాళ్ల నొప్పులు, ఆ గదేమో చలిగా ఉంచాలి. అందుకని ఆయన కోసం బల్ల కింద చిన్న హీటరు ఒకటి ఉండేది. స్టోర్సు నుంచి మా ఆయనే తెచ్చిచ్చారు. బయటికి కనిపించకుండా బల్లకు గుడ్డ వేలాడదీశాం. ఆయన రావడానికి పది నిమిషాల ముందు స్విచ్చి వేయడం, వెళ్లాక తీయడం నా పని. ఆ గదిలో వేడి వస్తువేదీ పెట్టరాదని ఎదుటి గోడ మీద పెద్దక్షరాల కాగితం ఉంది. కింద సంతకం పెద్దసారుదే. "ఎవరికీ చెప్పనక్కర్లేదమ్మా, నువ్వు ఇంటిమనిషివి," అన్నారు. ఇంటిమనిషి అంటే నోరు లేని మనిషి అని నాకు వేరే చెప్పక్కర్లేదు.

మూడు వారాలు వరసగా ఒకటే తంతు. పొద్దున రెండు చుక్కలు కనిపించేవి. పెద్దసారు వచ్చి కూర్చునేసరికి తెర మీద ముద్ద.

"నేను రాకముందు బాగుందంటావు. నేనొస్తే చెడిందంటావు. నా దిష్టి తగిలిందా ఏమిటమ్మా?" అన్నారు మూడోసారి. గదిలో మగవాళ్లందరూ నవ్వారు. "వచ్చే శుక్రవారం బయటినుంచి ఇద్దరు నిపుణులు చూడ్డానికి వస్తున్నారు. అప్పుడూ ఇంతే అయితే అద్దం వెనక్కి పంపేద్దాం. నువ్వు కూడా పరికరాల జోలి మానేసి కొన్నాళ్లు కాగితం పని చూసుకో. చేతిపని అందరికీ రాదు."

ఆ సాయంత్రం ఆడవాళ్ల బాత్రూము కడగబోతే లోపల ఆ పిల్ల ముఖం కడుక్కుంటోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "పొద్దున కనిపించాయక్కా, ఒట్టు. కానీ అందరూ అంటుంటే నా చేతులే ఏదో పాడుచేస్తున్నాయేమో అనిపిస్తోంది. ఇవాళ మర బిగిస్తుంటే వణికాయి, చూడు." చేతులు చాచింది. నిజంగానే వణుకుతున్నాయి. ఆ చేతులు నేనెక్కడ చూశానో నాకు తెలుసు.

గురువారం పెద్దసారు ఒకసారి ముందుగా చూసుకుంటానన్నారు. స్విచ్చి వేసి, బల్ల అంచు తుడుస్తూ యథాలాపంగా తలెత్తాను. ఎదురుగా గోడ మీది కాగితంలో అక్షరాలు కదులుతున్నాయి. 'పెట్టరాదు' అన్న మాట నీటి అడుగున ఉన్నట్టు సన్నగా వణుకుతోంది. దాని కింద పెద్దసారు సంతకమూ వణుకుతోంది. అచ్చం మా దేవుడి ముఖంలాగే. పక్కకు జరిగి చూశాను, కదల్లేదు. మళ్లీ హీటరుకు ఎదురుగా వచ్చి చూశాను, కదిలింది. నా చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయింది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "పెద్దసారు వల్ల ఇంకొకరికి చెడ్డపేరొస్తుంటే చెప్పకూడదాండీ?" అన్నాను.

"ఎవరికొచ్చింది? ఆ అద్దాల పిల్లకా? చూడూ, నా ప్రమోషను కాగితం ఆయన బల్ల మీదుంది. నువ్వు చూసింది చూడనట్టుండు. పెరుగు వెయ్యి."

పెరుగు వేశాను.

శుక్రవారం పొద్దున దీపం వెలిగించాను. ఎప్పట్లాగే ముఖం కదిలింది. దీపాన్ని నెమ్మదిగా ఒక జానెడు పక్కకు జరిపాను. ఆయన నిలిచిపోయాడు. పెదవులు, కనుబొమలు, కళ్లు, అన్నీ నిలకడగా. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆ ముఖాన్ని ఉన్నదున్నట్టు చూశాను. ఆయన ఎప్పుడూ వణకలేదు, నాకూ తల తిరగలేదు. నేనే వెలిగించి, నాకూ ఆయనకూ మధ్యన నేనే పెట్టుకున్న వేడి అది. మహిమ పోయిందని బాధ కలుగుతుందేమోనని కాసేపు ఆగి చూసుకున్నాను. కలగలేదు. నిలకడగా ఉన్న ముఖానికి దణ్ణం పెట్టడం ఇంకా సులువుగా ఉంది. మరి తండ్రీ, ఆ గదిలో ప్రతిసారీ స్విచ్చి వేస్తున్నదెవరు? అక్కడ కూడా నేనే కదా, అనడిగాను. ఆయన ఏమీ అనలేదు. అననక్కర్లేకపోయింది.

బస్సులో ఆలోచించుకున్నాను. ఇవాళ స్విచ్చి వేయకుండా ఊరుకుంటే చాలు. రెండు చుక్కలూ వస్తాయి, ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ బాగుంటారు. చేయి అటే లాగింది. చప్పుడు కాకుండా సరిచేయడమే కదా నేను పుట్టి నేర్చుకున్నది. కానీ అప్పుడేమంటారు? ఇన్నాళ్లూ తప్పుగా బిగించి, నలుగురూ వచ్చేరోజుకు భయపడి సరిచేసుకుందంటారు. పెద్దసారు మందలింపు పనిచేసిందంటారు. ఆ పిల్ల కూడా అదే నమ్ముతుంది. ముందుగా ఆమె చెవిన వేస్తే? అడిగినప్పుడు హీటరేమిటి, ఎక్కడుంది అంటారు. అప్పటికి అది మళ్లీ స్టోర్సులో ఉంటుంది. లేదు. ఈసారి సరిచేస్తే చప్పుడవ్వాలి.

స్విచ్చి వేశాను.

నిపుణులిద్దరూ, ఒకాయనా ఒకావిడా, పెద్దసారుకు చెరో పక్కా కూర్చున్నారు. కిటికీ అవతల అద్దాలమ్మాయి ముఖం పాలిపోయి ఉంది. అద్దం పని మొదలైంది. తెర మీద ముద్ద. పెద్దసారు నిట్టూర్చి, "నేను మొదట్నుంచీ చెబుతున్నదిదే," అన్నారు.

నేను టీ పళ్లెం కింద పెట్టాను. వంగి, బల్లకున్న గుడ్డ పైకెత్తి, కుర్చీ వీపుమీద వేశాను. ఎర్రగా కాలుతున్న హీటరు అందరికీ కనిపించింది.

"ఇదండీ సంగతి," అన్నాను. "సారు వచ్చేముందు ప్రతిసారీ నేనే స్విచ్చి వేస్తాను. దీని వేడి కెమెరా ముందునుంచి పైకి పోతోంది. ఇక్కణ్నుంచి చూస్తే ఆ కాగితం మీద అక్షరాలు కూడా వణుకుతాయి, చూడండి. అద్దం తప్పేం లేదు. ఆ అమ్మాయి చేతుల తప్పూ లేదు."

"నీకెందుకమ్మా ఇవన్నీ? టీ ఇచ్చి వెళ్లు," అన్నారు పెద్దసారు.

"టీ ఫ్లాస్కులో ఉంది సార్. హీటరు మీ కాళ్ల దగ్గరుంది."

నిచ్చెన మీద వైరింగతను దగ్గినట్టు చేశాడు. వచ్చినావిడ లేచి, నేనున్న చోట నిలబడి గోడ వైపు చూసింది. కాసేపు అలాగే చూసి, "తీసెయ్యండి," అంది. ప్లగ్గు లాగేశాను.

"ఎంతసేపట్లో సర్దుకుంటుంది?" అనడిగింది నన్నే. నన్ను. పక్కనున్నవాళ్లను కాదు.

"దీపానికైతే ఎంతోసేపు పట్టదండి. దీనికి పావుగంట పట్టచ్చు."

ఆ పావుగంటా అందరూ తెరవైపే చూశారు. పెద్దసారు మోకాళ్లు రుద్దుకున్నారు. ఆయన నొప్పి అబద్ధం కాదు, నాకు తెలుసు. కానీ ఆ నొప్పి ఉన్నచోట ఇంకెవరికీ నొప్పి ఉండకూడదన్నట్టు ఇన్నాళ్లూ మేమందరం నడుచుకున్నాం. తెర మీద ముద్ద మెల్లగా చిక్కబడింది, సాగింది, నడుము దగ్గర సన్నబడింది. మా ఆయనకో మాట ఇష్టం. ఎవరైనా నా అభిప్రాయం అడిగితే, "మా ఇద్దరికీ వేరేవేరే ఏముంటాయండీ, మేం ఒకటే," అంటారు. ఆ ఒకటి ఎప్పుడూ ఆయనే. తెర మీద ఆ ఒకటి చూస్తుండగానే రెండైంది. మధ్యన సన్నటి, శుభ్రమైన చీకటి.

కిటికీ అవతల అద్దాలమ్మాయి రెండు చేతులూ ఎత్తి గాజుకు ఆనించింది. వణకడం లేదు.

వెళ్తూ పెద్దసారు గుమ్మం దగ్గర ఆగారు. "రేపట్నుంచి నీకు ఈ గదిలో పని లేదు."

"అది కాగితం మీద రాసివ్వండి సార్. ఎందుకో కూడా రాయండి," అన్నాను. వచ్చినావిడ తన పుస్తకంలో ఏదో రాసుకుంటోంది. ఆయన ఆ పుస్తకంవైపు చూసి, వెళ్లిపోయారు.

ఆ రోజు బస్సులో మా ఆయన వేరే సీట్లో కూర్చున్నారు. తలుపు తీయగానే మొదలుపెట్టారు.

"నలుగురిలో తలెత్తుకోలేకుండా చేశావు. హీటరు తెచ్చిచ్చింది నేనని తెలుసుగా? నా ప్రమోషను ఏమైపోతుందో ఆలోచించావా?"

"ఆలోచించాను. ఆ పిల్ల ఏమైపోతుందో కూడా ఆలోచించాను."

"ఆ పిల్ల నీకేమవుతుంది?"

జవాబు నాకప్పుడే తెలిసింది. కానీ అది చెప్పాల్సింది ఆయనకు కాదు. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాను. ప్లాస్టిక్ కప్పు కడిగి ఆరబెట్టి ఉంది. దాన్ని అక్కడే వదిలేసి, అద్దాల బీరువా తెరిచాను.

"చుట్టాలెవరొచ్చారని తీస్తున్నావు?" అన్నారు ఆయన.

నీలం గీత ఉన్న గ్లాసు ఒకటి తీసి, కడిగి, నిండుగా టీ పోశాను. అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. అలవాటుగా రెండు చేతులూ చాచి, గ్లాసును చూసి వెనక్కి తీసుకున్నారు.

"వద్దే అమ్మాయ్, పగలగొడతాను."

"మీరెప్పుడూ పగలగొట్టలేదు అత్తయ్యా. ఆ రోజు పగిలింది నా చేతిలో. సబ్బు చెయ్యి జారింది. మీ మీద పడుతుంటే నోరు మూసుకుని ఊడ్చేశాను. తొమ్మిదేళ్లు." ఈసారి ఆవిడ కళ్లలోకే చూశాను. గుమ్మంలో ఆయన నిలబడే ఉన్నారు, వినాలనే గట్టిగా చెప్పాను.

అత్తయ్య తన చేతులు తిప్పి చూసుకున్నారు, ఎవరివో చూస్తున్నట్టు.

"నువ్వని నాకా రోజు తెలుసే. కానీ వాడు రోజూ అంటుంటే, నువ్వు రోజూ మూత బిగించి ఇస్తుంటే, కొన్నాళ్లకు నేనేనని నమ్మేశాను." మళ్లీ రెండు చేతులూ చాచి, "ఇలా ఇయ్యి," అన్నారు.

ఇచ్చాను. నేను చేయి కింద పెట్టి పట్టుకోలేదు. ఆవిడ గ్లాసును రెండు చేతుల మధ్య ఇరికించుకుని, పెదవుల దగ్గరికి తెచ్చుకుని, "అబ్బ, కాలుతోందే!" అన్నారు సంతోషంగా. టీ అంచుదాకా ఊగి, ఒక చుక్క ఒడిలో పడింది. గాజు చుట్టూ ఆవిడ వేళ్లు కనిపిస్తున్నాయి. వణుకుతున్నాయి. పట్టుకునే ఉన్నాయి.